శిఖం అంచున మొరం బాట

తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో ఒక లఫ్జ్ ఉంది: శిఖం. పహాణీలో ఒక సర్వే నంబరు పక్కన ఆ మాట కనబడిందంటే, అది చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకునే నేల అని మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫార్సీలో షికమ్ అంటే కడుపు. ఏ దఫ్తర్‌లో ఏ మున్షీకి తోచిన మాటో గానీ, మునక భూమికి ఇంతకన్నా సరైన పేరు నాకు ఏ జబాన్‌లోనూ దొరకలేదు. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం లోపలికి పోతుంది. అది నిండితే ఊరి కడుపు నిండుతుంది. నిజాం జమానా పోయింది, దఫ్తర్ల జబాన్ మారింది. ఆ ఫార్సీ కడుపు మాత్రం మన కాగితాల్లో అలాగే ఉండిపోయింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో కూడా శిఖం భూముల ప్రస్తావన ఉంది.

ఇప్పుడు నేను రాయబోయేది ఆ కడుపు అంచున పోయే బాట తవారీఖ్.

ఎందుకంటే ఆ బాటకు ఈ మధ్య కొత్త షౌకీన్లు వచ్చారు. ఐతారం సుబహ్ వేళ మియాపూర్ నుంచో గచ్చిబౌలి నుంచో హెల్మెట్లు పెట్టుకుని, లావు టైర్ల సైకిళ్ల మీద జవాన్లు మా వైపు వస్తారు. లారీ లేని, హారన్ లేని మట్టిబాట కావాలి వాళ్లకు. పక్కన నీళ్లుండాలి, నీళ్ల మీద పక్షులుండాలి. దాన్ని గ్రావెల్ రూట్ అంటారు. వాళ్లను చూస్తే నాకు ఖుషీగానే ఉంటుంది. ఐతే వాళ్లు కొత్తగా కనిపెట్టారని అనుకుంటున్న బాట మీద వందల ఏళ్ల మెహనత్ పరిచి ఉంది. ఆ మెహనత్ ఎవరిదో తెలిస్తేనే ఆ బాట మీద హక్కు ఎవరెవరికి ఉందో తేలుతుంది.

ముందు ఊరి పేరు చూద్దాం. ఇస్నాపూర్‌కు పెద్దన్న లాంటి ఊరు పటాన్‌చెరు. పేరు చివరే చెరువు. కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనబడే పొట్టలకెరె ఈ పటాన్‌చెరేనని చరిత్రకారులు గుర్తించారు. 11వ శతాబ్దంలో రెండో జయసింహుడు అక్కడి నుంచి రాజ్యం నడిపాడు. కన్నడంలో కెరె, తెలుగులో చెరువు. రాజు మారాడు, జబాన్ మారింది, పేరులో నీళ్లు మాత్రం పోలేదు. అంటే ఈ ఇలాఖాకు ఫ్యాక్టరీల పేరు రావడానికి తొమ్మిది వందల ఏళ్ల ముందే తాలాబ్ పేరు ఉంది.

తర్వాత కుతుబ్‌షాహీ జమానా. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ కట్టారు. పటాన్‌చెరు పక్కన ఉన్న అమీన్‌పూర్ చెరువును కూడా ఇబ్రహీం కుతుబ్‌షా కాలానిదే అంటారు. సుల్తాన్ హుకుం ఇచ్చి ఉంటాడు, ఖజానా తెరిచి ఉంటాడు. తట్ట మోసింది మాత్రం వడ్డెరలు, మాదిగలు, మాలలు, పేద ముసల్మాన్లు, ఊరి ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఏ ఫర్మానాలోనూ ఉండవు. వాళ్ల దస్తకత్ కట్ట ఒక్కటే.

కట్ట అంటే మట్టికుప్ప కాదు. నీళ్లవైపు రాతి పరుపు. లోపల నీరు దూరని బంకమట్టి. పొలాలకు నీళ్లు వదలడానికి తూము, ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి మత్తడి. పైన నడవడానికి మొరం. ఈ మొరం పరచడంలో అక్కల్ ఉంది. వాన పడితే బంకమట్టి జారుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది. మొరం ఐతే నీటిని పక్కలకు జార్చేసి, కాలికి పట్టు ఇస్తుంది. ఊరి నీరడి రోజూ ఆ బాట మీదే తిరిగేవాడు. తూము ఎత్తేది, దించేది ఆయనే. ఎలుక బొక్క కనబడితే అక్కడే మట్టి కూరేది ఆయనే, రాత్రి వానలో లాంతరు పట్టుకుని మత్తడి దగ్గర కాపలా కాసేదీ ఆయనే. బరువు బండ్లు కట్ట మీద అదే పనిగా తిరిగితే గాడి పడుతుంది, గాడిలో నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు కట్టను తింటాయి. కాబట్టి కట్ట మీద ట్రాఫిక్ లేకపోవడం షౌక్ కోసం పెట్టిన ఏర్పాటు కాదు. కట్ట బతకాలంటే అదే షరతు. మనిషి నడక, మేక నడక, ఆ తర్వాత వచ్చిన సైకిల్: ఇంతవరకే కట్ట ఒప్పుకుంటుంది.

సైకిల్ మా ఇళ్లకు ఆలస్యంగా వచ్చింది. సోనీపత్‌లో అట్లాస్ కంపెనీ 1951లో, లుధియానాలో హీరో సైకిల్స్ 1956లో మొదలయ్యాక గానీ మామూలు మజ్దూర్‌కు సైకిల్ అందుబాటులోకి రాలేదు. మా పిల్లలప్పుడు కూడా గంటకింత అని కిరాయికి తీసుకునేవాళ్లం. సీటు అందని వయసులో కడ్డీ కింది నుంచి కాలు పోనిచ్చి కైంచీ తొక్కేవాళ్లం. నేర్చుకునే జాగా ఎక్కడ? సడక్ మీద అమ్మీ పోనిచ్చేది కాదు. చెరువు కట్టే మా మైదాన్.

ఇక్కడ ఒక చిన్న హిసాబ్ చెబుతాను. ఇవాళ గ్రావెల్ సైకిల్ అని లక్ష రూపాయలు పోసి కొనేదానికి టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మా అబ్బా నల్ల సైకిల్ టైరు మీద 28 ఇంటూ ఒకటిన్నర అని అచ్చు ఉండేది. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. పాలవాళ్లు, పోస్ట్‌మన్లు, మజ్దూర్లు తొక్కిన ఆ సైకిల్ పుట్టిందే మట్టిబాట కోసం. పేరు లేదు గానీ, గ్రావెల్ సైకిల్ అదే. ఆ అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లోని తన ఆఖరి కార్ఖానాను 2020 జూన్ 3న ఆపేసింది. ఆ తారీఖు ప్రపంచ సైకిల్ దినోత్సవం. కిస్మత్ ఒక్కోసారి ఇలా దిల్లగీ చేస్తుంది.

మళ్లీ మా ఇలాఖాకు వస్తాను. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలో వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. 1970ల నడిమి నుంచి పారిశ్రామికవాడ పెరిగింది, ఆ తర్వాత ఇస్నాపూర్ పక్కనే పాశమైలారం. మధ్యలో నుంచి బొంబాయి సడక్. కాగితాల్లో అప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. తెల్లవారి షిఫ్ట్‌కు వందల సైకిళ్లు. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కు సంచి, డైనమో వెలుగు. పక్కనే ట్యాంకర్లు.

అబ్బా సడక్ మీద పోయేవారు కాదు. పావుగంట ఎక్కువైనా కట్ట ఎక్కి, పొలాల గట్లు పట్టుకుని పోయేవారు. "బేటా, సడక్ బరువున్నోడిది. కట్ట మీద లారీ రాలేదు, రానియ్యరు. నేను సలామత్‌గా ఇంటికి రావాలె గదా" అనేవారు. కట్ట మీది బాట ఆయనకు సైర్ కాదు. రోజీకి పోయే రాస్తా.

ఆ రాస్తా ఎలా పోయిందో చెప్పాలి. కార్లు వచ్చి పోలేదు, తారు వేసి పోలేదు. నీళ్లు చచ్చిపోయి పోయింది. 1980ల నుంచి మందుల, రసాయనాల ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులోకి, చెరువుల్లోకి చేరింది. పంట మాడింది, గొడ్లు చచ్చాయి, బోర్లలో నీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే మరీజ్‌ల బీమారీలకూ ఈ నీళ్లకూ సంబంధం చూసి, రైతుల్ని కూడగట్టి పోరాటానికి నిలబడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో ముకద్దమా పడింది. 1990లలో మురుగు శుద్ధికి ఉమ్మడి కేంద్రం పెట్టారు. ముకద్దమా అదాలత్ నుంచి అదాలత్‌కు తిరిగి, 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఫైస్లా దాకా నడిచింది. ఇరవై ఏడేళ్లు. ఆ లోపు ఒక నస్ల్ పుట్టి పెద్దదైపోయింది.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన సైంటిస్టులు ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి ఖబర్ ప్రపంచానికి చెప్పారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. శుద్ధి అయ్యాక ఉన్న లెక్క అది. 2009లో వాళ్లే ఈ చుట్టుపక్కల చెరువుల్లో, బావుల్లో కూడా మందుల జాడ చూపించారు. క్రిములు ఆ నీళ్లలో మందుకు లొంగకుండా తయారవుతాయని, మన చెరువు జహర్ మన దగ్గరే ఆగదని దునియా మొత్తానికి అర్థమైంది. అబ్బా ఏ పరిశోధనా చదవలేదు. వాసన భరించలేక ఒక రోజు కట్ట దిగి సడక్ ఎక్కారు. ఆయన వెనకే మిగతా సైకిళ్లూ ఎక్కాయి. కట్ట మీద మనుషులు తిరగడం తగ్గాక తుమ్మ మొలిచింది. బాట కనబడకపోయాక శిఖం అంచు కూడా కనబడకుండా పోయింది. ఆ తర్వాత వచ్చినవి ప్లాట్ల రాళ్లు.

నాకు ఈ దాస్తాన్‌లో ముఖ్యమనిపించేది ఈ వరుసే. నీళ్లు పోతే బాట పోయింది. బాట పోతే హద్దు పోయింది. హద్దు పోతే చెరువే పోయింది.

ఇప్పుడు కాస్త బయటి దునియా చూద్దాం. 1880లో అమెరికాలో సైకిల్ తొక్కేవాళ్లు ఒక సంఘం పెట్టుకుని మంచి రోడ్లు కావాలని ఉద్యమం చేశారు. అప్పటికి కార్లు లేవు. వాళ్లు అడిగి వేయించుకున్న రోడ్లను తర్వాత కార్లు ఆక్రమించాయి. నూరేళ్లు దాటాక అదే దేశంలో, 2006లో, కాన్సాస్ మట్టిబాటల మీద మొదలైన ఒక పోటీ పెద్ద పండగైంది. 2022లో ఇటలీలో గ్రావెల్ సైక్లింగ్‌కు ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా జరిగింది. నున్నటి రోడ్డు అడిగినవాళ్ల మనవలు గరుకు బాట వెతుక్కుంటున్నారు, ఎందుకంటే నున్నటి రోడ్డు మీద వాళ్లకు జాగా లేదు.

నెదర్లాండ్స్ కథ వేరు. అక్కడి సైకిల్ బాటల ఫోటోలు చూసి, వాళ్లు పుట్టుకతోనే అలా ఉన్నారనుకుంటాం. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, వందల మంది పిల్లలు. తల్లిదండ్రులు పిల్లల హత్యలు ఆపండంటూ సడక్‌ల మీదికి వచ్చారు. ఆ తర్వాత చమురు కరువు వచ్చింది. ఆ తర్వాతే బాటలు పరుచుకున్నాయి. అంటే ఆ బాటలు సైర్ కోసం వేసినవి కాదు. జాన్ కాపాడుకోవడం కోసం మనుషులు జిద్దు పట్టి సాధించుకున్నవి. మా బొంబాయి సడక్ మీద డైనమో వెలుగులో షిఫ్ట్‌కు పోయే మనిషికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

మన దగ్గర చెరువు బాటకు ఏమేం జరగొచ్చో మన హైదరాబాదే చూపించింది. హుస్సేన్ సాగర్ కట్ట జంట నగరాలను కలిపే రాస్తా అయింది. మీర్జా ఇస్మాయిల్ హైదరాబాద్ ప్రధానిగా ఉన్న 1946లో దాన్ని వెడల్పు చేయించారు. ఆ ట్యాంక్‌బండ్ ఎంత అందమైందో అంత ట్రాఫిక్ మోసింది. ఆఖరికి 2021 ఆగస్టులో ఐతారం షామ్ కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తే, జనం పిల్లల్ని వేసుకుని వచ్చి కట్ట మీద నడిచారు. కట్ట మీద నడవడమే ఒక జల్సా అయింది. నాలుగొందల అరవై ఏళ్ల కట్ట వారానికి కొన్ని గంటలు మనిషికి వాపస్ దొరికింది.

ఇంకో దారి అమీన్‌పూర్ చూపించింది. అప్పటి స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ డీజీ తేజ్‌దీప్ కౌర్ మీనన్ ఆ చెరువును దత్తత తీసుకుని, చెత్త తీయించి, చెట్లు నాటించే పని పెట్టుకున్నారు. 2016 నవంబర్‌లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగరపు చెరువుకు ఆ హోదా దొరకడం అదే మొదటిసారి. నీళ్లు బాగుంటే రాజహంసలు వస్తాయి, రాజహంసలు వస్తే మనుషులు వస్తారు. ఐతే ఆ చెరువు పాత విస్తీర్ణంలో చాలా భాగం ఇప్పటికే పోయిందన్న సంగతి కూడా మరవొద్దు. హోదా ముందే వచ్చుంటే ఇంకొంచెం మిగిలేది. సంగారెడ్డి అవతల మంజీరా మీద 1978లోనే అభయారణ్యం ప్రకటించారు కాబట్టి అక్కడ మొసళ్లకూ కొంగలకూ ఒక ఠికానా మిగిలింది. మనవాళ్లకు కాపాడటం రాదనడం గలత్. తొందరగా మొదలుపెట్టిన చోట మిగులుతుంది, అంతే.

మూడోది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. దక్షిణ కొరియాలో హైవే నడుమ ఉన్న ట్రాక్‌ను చూసి వేసినది. ఒక భాగం నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. నేను తొక్కాను, మస్త్ ఉంది. ఎండ పడదు, లారీ తగలదు. ఐతే నక్షా మీద వేలు పెట్టి చూడండి. ట్రాక్ కొల్లూరు దగ్గర ఆగిపోయింది. అదే ఔటర్ మీద ఇంకా ముందుకు పోతే ముత్తంగి వస్తుంది. ముత్తంగి దిగితే ఇస్నాపూర్. సైకిల్ మీద రోజీకి పోయేవాళ్లు ఎక్కువున్న చోటు మొదలయ్యే లోపే సైకిల్ బాట అయిపోయింది. షౌక్‌కు నీడ దొరికింది, జరూరత్‌కు ఇంకా దొరకలేదు.

మరి మా చెరువుల చుట్టూ ఏం చేయొచ్చు? కానూన్‌లో జాగా ఉంది. జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. అందులో ఇల్లు కట్టొద్దు. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు చాయ్ హోటల్ మాటలైపోయాయి. ఆ ఖాళీ జాగాలో పచ్చదనం, నడకదారి పెట్టుకోవచ్చు. చుట్టూ రోడ్డు వేసుకునే వీలు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. నా భయం ఈ ఆఖరి మాట దగ్గరే. రోడ్డు వేస్తే రోడ్డు వెనక దుకాణం వస్తుంది, దుకాణం వెనక డ్రైనేజీ పైపు వస్తుంది, పైపు మూతి చెరువులో తేలుతుంది. మొరం బాట వేస్తే వచ్చేది సైకిల్, మనిషి, మేక. ఖర్చు తక్కువ, వాన నీరు నేలలోకి ఇంకుతుంది. అన్నిటికీ మించి ఆ బాట రోజూ గవాహీ ఇస్తుంది. వెయ్యి మంది రోజూ తిరిగే బాట మీద రాత్రికి రాత్రి ఎవరూ గోడ కట్టలేరు. కంచె కన్నా నడిచే మనిషి మంచి కాపలా. పాత నీరడి చేసిన పని అదే.

కొన్ని సవాళ్లు ఉన్నాయి, దాచను. శిఖంలో అరవై గజాలో వంద గజాలో కొనుక్కున్న పేదలు ఉన్నారు. వాళ్ల చేతిలో నోటరీ కాగితం, నెత్తి మీద రేకులు. వాళ్లకు ఆ జాగా అమ్మినవాడు ఎక్కడో బంగ్లాలో ఉన్నాడు. బాట కోసమని ముందు రేకుల ఇల్లు కూల్చి, బంగ్లా వదిలేస్తే అది ఇన్సాఫ్ కాదు. పునరావాసం ముందు, బుల్డోజర్ తర్వాత. ఇంకోటి, పక్షికి చీకటి కావాలి, రాత్రి షిఫ్ట్ మనిషికి వెలుగు కావాలి. దీపాలు నీళ్లవైపు కాకుండా ఊరివైపు, మోకాలెత్తున, కిందికి వంచి పెడితే ఇద్దరికీ సర్దుతుంది. గూళ్లు పెట్టే చోట బాటను పక్కకు తిప్పాలి. ఆఖరిది టికెట్. సుందరీకరణ పేరుతో గేటు పెట్టి, తొమ్మిదింటికి తెరిచి ఆరింటికి మూస్తే, తెల్లవారి షిఫ్ట్‌కు పోయే మనిషికి ఆ బాట ఉన్నా లేనట్టే. గేటు లేని బాట కావాలి.

వీటన్నిటికన్నా ముందు నీళ్లు బాగుండాలి. జహర్ పక్కన ఎంత మంచి మొరం పరిచినా ఎవరూ తొక్కరు. మా అబ్బా కాలంలో అది రుజువైంది.

మా ఉలమా అమానత్ అనే మాట తరచూ వాడతారు. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన వస్తువు, దాన్ని అలాగే తిరిగి ఇవ్వాలి. పొట్టలకెరె నాటి మనిషి మట్టి మోసి కుతుబ్‌షాహీ నాటి మనిషికి ఇచ్చాడు. ఆయన నీరడికిచ్చాడు. నీరడి నుంచి మా అబ్బాకు అందింది. మధ్యలో ఒక నస్ల్ దగ్గర జారిపడింది.

కాబట్టి ఐతారం సైకిళ్ల మీద వచ్చే దోస్తులకు ఒక గుజారిష్. మీకు మాట్లాడే పలుకుబడి ఉంది, తెలిసిన అఫ్సర్లు ఉన్నారు. చెరువుల హద్దుల నక్షాలు హెచ్‌ఎండీఏ ఇంటర్నెట్‌లో పెట్టింది. మీరు తొక్కే చెరువు నక్షా ఒకసారి తీసి చూడండి, బాట ఆ హద్దు మీద పోతోందా లేదా గమనించండి. లేకపోతే అర్జీ పెట్టండి. అర్జీలో ఇంకో లైన్ కలపండి: కొల్లూరు దగ్గర ఆగిన ట్రాక్ ఇస్నాపూర్ దాకా రావాలని, తెల్లవారి షిఫ్ట్ మొదలయ్యే లోపు అది తెరిచి ఉండాలని. ఆ లైన్ కింద దస్తకత్ చేయడానికి మా వైపు మజ్దూర్లు చాలామంది ఉన్నారు. అర్జీ రాసేవాళ్లే తక్కువ.